వార్ధకమున స్వదేశాగమనము

మనుష్యుడు ఏ యూర పుట్టవలయునో తాను నిర్ణయించుకొనజాలడు. ఏ యూర పనిచేయవలయునో చాలవఱకు ఆకలి నిర్ణయించును. ఏ యూర ముసలివాడు కావలయునను ప్రశ్న యొక్కటియే స్వేచ్ఛగా నాలోచించుకొనుటకు మిగులును. అదియును చేత కొంత ధనమున్నవానికి మాత్రమే. కావున ఈ ప్రశ్న పైకి సౌకర్యమునకు సంబంధించినదిగా కనబడినను లోన ధర్మమునకు సంబంధించినదని మేము తలంచుచున్నాము. నిర్బంధమున్నచోట ధర్మవిచారమునకు తావు తక్కువ. ఎంపిక యున్నచోటనే యది మొదలగును.

ఈ విషయమును గూర్చి వ్రాయుటకు గల కారణమును మొదటనే చెప్పుట మంచిది. మా పెదతండ్రిగారి కుమారుడొకరు ఓరుగల్లులోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1986లో అమెరికాకు పోయి, చికాగో నగరమున స్థిరపడిరి. ఇప్పుడు వారికి 62 ఏండ్లు. కడచిన మాఘమాసమున ఒక రాత్రి వారు మాతో టెలిఫోనులో మాటలాడుచు, "తమ్మీ, ఈ చలికి మోకాళ్ళు పట్టుకపోతున్నయి. పని చాలిస్తున్న. హనుమకొండల ఒక ఇల్లు చూసి పెట్టరాదు?" అనిరి. మేము సరే యంటిమి. టెలిఫోను క్రింద పెట్టిన వెంటనే మాకు కోపము వచ్చినది.

కోపమునకు కారణము మా పెద్దమ్మ. పెదతండ్రిగారు పోయిన పిమ్మట ఆమె 11 సంవత్సరములు హనుమకొండలో ఒంటరిగా నుండెను. మా యిల్లు రెండు వీథుల కవతల నున్నది. ఆమెను వైద్యునికడకు తీసికొనిపోయినది మేము. రాత్రివేళ విద్యుత్తు పోయినప్పుడు దీపము తీసికొని పోయినది మేము. ఆమె కన్నుమూసిన మూడవనాడు గాని కుమారుడు రాలేకపోయెను. ఇదంతయు జ్ఞప్తికి వచ్చి, "యౌవనమంతయు ఆ దేశమున కిచ్చి, మోకాళ్ళనొప్పి మాత్రము మాకు తెచ్చుచున్నారా?" యని మనసున ననుకొంటిమి. ఆ మాట న్యాయమైనదా కాదా యని విచారించుటకే ఈ వ్యాసము.

ఉద్యోగము చాలించిన పిదప చలిదేశమువారు వెచ్చనిదేశమునకు తరలిపోవుట లోకమున క్రొత్త కాదు. ఇంగ్లీషువారు స్పెయిను సముద్రతీరమునకును, అమెరికా ఉత్తరభాగమువారు ఫ్లారిడాకును మెక్సికోకును పోవుచున్నారు. థాయిలాండు 50 ఏండ్లు నిండిన విదేశీయులకు విశ్రాంతినివాసము కొఱకు ప్రత్యేకానుమతి నిచ్చుచున్నది. 'మలేషియా నా రెండవ యిల్లు' అను పేరుతో ఆ దేశము 2002లో నొక పథకమునే నెలకొల్పినది. కాని వీరందఱును తాము ముందెన్నడును ఋణపడని దేశమునకు పోవువారు. అక్కడ వారు అతిథులు. అతిథివలె మర్యాదగా నుండి, తిన్నదానికి వెల చెల్లించిన చాలును. మనవారి స్థితి వేఱు. వారికి వెచ్చని దేశము పుట్టినదేశమే. వచ్చువాడు అతిథియా, కొడుకా? ఇక్కడనే చిక్కు కలుగుచున్నది.

మన పూర్వులును వార్ధకమున ఊరు విడిచెడివారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి పోయి తిరిగివచ్చి తమ యాత్రను వ్రాసి పెట్టిరి. వారివలె తిరిగివచ్చుటకు గాక, అక్కడనే ప్రాణము విడుచుటకు కాశీవాసము చేసినవా రెందఱో కలరు. అట్టివారు అప్పులు తీర్చి, ఆస్తి పంచి, తాళముచెవులు కోడలి చేతికిచ్చి బయలుదేరిరి. ఏది వదలవలయునని వారు ప్రశ్నించుకొనిరి. ఏది దొరకునని మనము ప్రశ్నించుకొనుచున్నాము.

తిరిగి వచ్చుటయును మన జాతికి క్రొత్త కాదు. మారిషసునకు 1834 మొదలుకొనియు, ఫిజీకి మద్రాసు రేవునుండి 1903 మొదలుకొనియు ఒడంబడిక కూలీలుగా పోయిన దక్షిణాదివారిలో తెలుగువారు పలువురు గలరు. ఫిజీలో పది సంవత్సరములు గడపినవారికి తిరుగుప్రయాణపు ఖర్చు ప్రభుత్వమే యిచ్చెడిది. అట్లు వలసరాజ్యములనుండి తిరిగివచ్చిన కూలీలు కొందఱు 1920 దశాబ్దమున కలకత్తా శివార్లలోని మటియాబురుజున దిక్కులేక పడియుండిరి. సముద్రము దాటివచ్చిరని, ఏ కులమువారితోనో కలిసి భుజించిరని వారి గ్రామములు వారిని చేర్చుకొనలేదు. వారిలో ననేకులు తాము విడిచివచ్చిన చెఱకుతోటలకే మరల పంపుమని వేడుకొనిరి. ఇంతకంటె విచారకరమైన ప్రార్థన మఱియొకటి యుండునా? ఓడ దిగినంత మాత్రమున స్వదేశాగమనము కాదని, దిగినవానిని 'రమ్ము' అనువాడు గట్టున నుండవలయునని ఆ కథ చెప్పుచున్నది.

మా కాలపు వలస చెఱకుతోటలకు కాదు. 1959లో ఓరుగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు, కాకతీయ వైద్యకళాశాలయు వెలసినవి. 1965లో అమెరికా తన వలసచట్టమును మార్చి, జాతులవారీగా విధించిన పరిమితులను తీసివేసినది. ఈ రెండును కలిసి ఓరుగల్లు వీథులకును అమెరికా నగరములకును నడుమ నొక బాట వేసినవి. ఆ కళాశాలలు ప్రజాధనముతో కట్టబడినవి. ఆ ధనములో పాకాల చెఱువు క్రింది రైతు చెల్లించిన పన్నును, అగ్గిపెట్టె కొన్న కూలిది చెల్లించిన పన్నును గలవు. కావున చదువుకొని పోయినవాడు ఋణస్థుడే యని చెప్పువారి వాదము నిరాధారము కాదు. మనుస్మృతి సైతము దేవ ఋషి పితృ ఋణములు మూడును తీర్చినపిదపనే మనస్సును మోక్షమునకు మరల్పవలయునని విధించుచున్నది. ఈ కాలపు ఋషిఋణములో ఊరి కళాశాల ఋణము చేరియుండుననుటకు మాకు సందేహము లేదు.

అయినను, ఋణమును లెక్కించువాడు జమను కూడ లెక్కింపవలయును గదా! మా తండ్రిగారు చిన్న యుద్యోగి. మేము కళాశాలలో చదివిన మూడు సంవత్సరములును, ఉపాధ్యాయశిక్షణ పొందిన సంవత్సరమును, మా రుసుమును పుస్తకముల వెలయును చికాగోనుండియే వచ్చినవి. కోపము వచ్చిన రాత్రి ఈ సంగతి మాకు జ్ఞప్తికి రాలేదు; మఱునాడు వచ్చినది. ఒకరి లోపము రాత్రియు, ఉపకారము మఱునాడును జ్ఞప్తికి వచ్చుట మనుష్యస్వభావము కాబోలు.

ఇక చెప్పుటకు మఱింత కష్టమైన సంగతి యొకటి గలదు. పెద్దమ్మ కడపటి సంవత్సరమున క్రమముగా క్షీణించుచుండగా, అన్నగారు టెలిఫోనులో "అమ్మ ఎట్లున్నది?" అని యడుగునప్పుడెల్లను మేము "బాగున్నది" అనియే చెప్పితిమి. "వానికి చెప్పకు, పని చెడుతది" అని ఆమె మమ్ము కోరినమాట నిజము. కాని ఆమె మాటను మేము కొంచెము సులభముగానే పాటించితిమేమో! నిజము చెప్పినచో వారు రావచ్చును, వచ్చి కొన్ని ప్రశ్నలు వేయవచ్చును, ఇన్నాళ్ళు మేము చేసిన సేవ చాలలేదని తేలవచ్చును. ఆ పీడ లేకుండ, సేవచేయువారమను పేరు మాకు మిగిలినది. మూడవనాడు వచ్చిన కుమారుని ఆలస్యములో మా 'బాగున్నది'కి కూడ భాగము గలదు. పెద్దమ్మకు ధనమునకు కొఱత యెన్నడును లేదు. తల్లిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టము నెలకు 10,000 రూపాయలకు మించని భరణమును పిల్లలనుండి ఇప్పింపగలిగెను. ఆమెకు అంతకంటె నెక్కువయే వచ్చుచుండెను. ఏ చట్టమును ఇప్పింపలేనిదియే ఆమెకు కొఱవడినది.

కావున మా మొదటిమాటను మేము వెనుకకు తీసికొనుచున్నాము. అట్లని తిరిగివచ్చుటకు చెప్పు కారణము లన్నియు మంచివని యొప్పుకొనజాలము. అవి సామాన్యముగా మూడు: వెచ్చదనము, పుట్టుక, చౌక.

వెచ్చదనమును గూర్చి యెక్కువ చెప్పనక్కఱలేదు. విదేశమునుండి వచ్చువారు ధనుర్మాసమున వచ్చి, భద్రకాళి చెఱువు గట్టున ఉదయపుటెండ కాచుకొని, ఓరుగల్లు స్వర్గమని పోవుదురు. మే నెలలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటి, పద్మాక్షి గుట్ట రాళ్ళు పెనమువలె కాలును. ముసలివారికి చలియెంత ప్రమాదమో వడగాలియు నంత ప్రమాదము. ఆఱువారముల సెలవుతో ఊరిని తూచరాదు.

పుట్టుక యను కారణము ఇంతకంటె బలమైనది, ఇంతకంటె మోసకరమైనది. తాను పుట్టిన ఊరికి పోవుచున్నానని మనుష్యుడు తలంచును. నిజమునకు తాను బాలుడైయున్న కాలమునకు పోగోరుచున్నాడు. ఆ కాలమునకు బండి లేదు. అన్నగారు చదివిన కళాశాల పేరు 2002లో మాఱినది. వారు విడిచిపోయిన జిల్లా పేరును మాఱి, చీలి, 2021లో హనుమకొండ జిల్లా యేర్పడినది. వేయిస్తంభముల గుడి యక్కడనే యున్నది. కాని 1163లో కట్టిన గుడి నిలిచియుండుట కాదు గదా కావలసినది. గుడిమెట్లపై కూర్చుండి 'ఒరే' యని పిలుచువాడు కావలెను. వానిలో సగముమంది హైదరాబాదునకు పోయిరి, కొందఱు పోనే పోయిరి.

మూడవ కారణము చౌక. దీనిని పదిమందిలో నెవ్వరును మొదట చెప్పరు. కాని లెక్క వ్రాయునప్పుడు మొదటి పంక్తి యదియే. అచ్చటి పింఛనుతో అచ్చట సామాన్యముగా బ్రతుకువాడు ఇచ్చట వంటమనిషిని, పనిమనిషిని, కారు నడుపువానిని, రాత్రివేళ రోగశయ్యకడ కూర్చుండు స్త్రీని పెట్టుకొనగలడు. చదువరులారా, దేశము చౌక యనగా నేమి? బియ్యము కొంత చౌక, కూరలు కొంత చౌక. కాని చాలభాగము చౌకయైనది మనుష్యుని దినము. వృద్ధుని చేయిపట్టి నడిపించు స్త్రీకి చికాగోలో ఒక పూటకు ఇచ్చు కూలి ఇచ్చట అనేకదినముల కూలి యగుచున్నది. ఆమె చేతిలో నేర్పు తక్కువయా? ఆమె యోపిక తక్కువయా? ఆమెకు మఱియొక దారి లేదు, అంతియే భేదము. ఒకరి దారిలేమి మఱియొకరి విశ్రాంతి యగునప్పుడు దానిని పుణ్యభూమి ప్రభావమని చెప్పుకొనుట తప్పు. చౌకను పొందుట పాపమని మేమనుట లేదు. మేమును ఇంటిపనికి మనిషిని పెట్టుకొన్నవారమే. చౌకవలన మిగిలినదానిలో భాగము ఆ చౌకకు కారణమైనవారికి చేరవలయునని మాత్రమే మా మతము. ఊరివాడుక కూలిని పెంచి యిచ్చుట, వారమునకొక దినము సెలవిచ్చుట, ఆమె బిడ్డ చదువునకు పూచీపడుట, ఇవి దానధర్మములు కావు, బాకీలు. వాడుక కూలిని పెంచినచో పొరుగువారు కోపింతురని కొందఱందురు. కోపింతురుగాక.

చట్టమును గూర్చియు ఒకటి రెండు మాటలు. మన దేశము ద్వంద్వపౌరసత్వము నంగీకరింపదు. 2005లో ఏర్పడిన విదేశవాసి భారతీయుల గుర్తింపుపత్రము గలవారు ఇచ్చట ఎంతకాలమైన నుండవచ్చును, ఇల్లు కొనవచ్చును. ఓటు లేదు, వ్యవసాయభూమిని కొనజాలరు. అమెరికాలో 65 ఏండ్లు నిండినవారికి వర్తించు వైద్యసహాయ పథకము ఆ దేశపు టెల్లలు దాటినపిదప సామాన్యముగా పనికిరాదు. ఇంగ్లండునుండి వచ్చి భారతదేశమున స్థిరపడినవారికి ఆ ప్రభుత్వపు పింఛను ఏటేట పెరుగక నిలిచిపోవును. ఇవి యన్నియు ముందుగా నెఱుగవలసినవి. ఇందులో ఓటులేమి మాత్రము మమ్మాలోచింపజేసినది. ఊరి మురికికాలువను గూర్చి, బడిని గూర్చి, ఆసుపత్రిని గూర్చి యడుగుటకు హక్కులేనివాడు ఆ యూర నెంతకాలము నివసించినను అద్దెకున్నవాడే యగును. అందుచేతనే అట్టివారు ఎత్తైన గోడలు గల నివాసములలో తమ నీరు, తమ దీపములు, తమ కాపలా తామే చూచుకొని, గోడవెలుపలి ఊరిని మఱచిపోవుట సులభమగుచున్నది. హక్కు లేకున్నను పని యుండవచ్చును. పుట్టిన ఊరికి వచ్చి పని యేమియు పెట్టుకొననివాడు స్పెయిను తీరమున ఎండ కాచుకొను ఇంగ్లీషువానికంటె ఏ విధమునను అధికుడు కాడు.

పని చాలించుటయు, ప్రయోజనము చాలించుటయు ఒకటి కావు. తూర్పు ఇండియా కంపెనీ కచేరిలో 33 సంవత్సరములు గుమాస్తాగా నుండి 1825లో విరమించిన చార్లెసు లాంబు, చెఱనుండి హఠాత్తుగా విడువబడినవానివలె తనకు దిక్కు తోచలేదని యొక వ్యాసమున వ్రాసికొనెను. మన శాస్త్రకారులు ఈ దిక్కుతోచనితనమును ముందే యెఱిగి, గృహస్థాశ్రమమునకు పిమ్మట వట్టి విశ్రాంతిని గాక వానప్రస్థము నుంచిరి. అది తీరికలేని ఆశ్రమము: స్వాధ్యాయము, అతిథిపూజ, భూతదయ. చేతులాడినంతకాలము ఇతరులకు పనికివచ్చుటయే దాని సారమని మా యభిప్రాయము.

కాని ఆ విధిలోనే మాకు నచ్చని మాట యొకటి గలదు. వనమునకు పోవువాడు భార్యను కుమారులకు అప్పగించి యైనను, వెంట తీసికొని యైనను పోవచ్చునని మనువు చెప్పెను. ఆమె నడిగి యని చెప్పలేదు. ఉపనిషత్తు ఇంతకంటె మేలు. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడువబోవుచు మైత్రేయితో తన యుద్దేశమును ముందుగా చెప్పెను, ఆమె ప్రశ్నించెను, ఆయన సమాధానము చెప్పెను. భారతమున కుంతి మఱింత గొప్పది. ధృతరాష్ట్రుడు పాండవుల నీడన 15 సంవత్సరములుండి, గాంధారితోకూడ అడవికి పోవునప్పుడు, కుమారుడు చక్రవర్తియై యుండగా, కుమారులందఱు వలదని యేడ్చుచుండగా, ఆ యంధవృద్ధుల సేవకై కుంతి తనంతట తాను వెంట నడచెను. ఎవ్వరును ఆమెను అప్పగింపలేదు, తీసికొనిపోలేదు. ఆమె యెంచుకొనెను.

ఇది వ్రాయుచుండగా మాకొక లజ్జాకరమైన సంగతి తట్టినది. ఇల్లు చూడుమని అన్నగారడిగి మూడు మాసములైనను, వదినగారి యభిప్రాయమును మేము విచారింపలేదు, వారును చెప్పలేదు. మేమే టెలిఫోను చేసి, "వదినా, మీకు వచ్చుట యిష్టమేనా?" అని యడిగితిమి. ఆమె కొంచెముసేపు మాటలాడలేదు. పిమ్మట నవ్వి, "ఇన్నేండ్లకు నన్ను అడిగినోడివి నువ్వొక్కడివే మరిదీ! మా చిన్నపిల్ల నీళ్ళాడేదాక నేను కదల. ఆ తర్వాత వస్త. కానీ ఆ గోడల కాలనీల ఉండ, మనుషుల నడుమ ఉంట" అనెను. మేము మూడు మాసములు పుస్తకములు తిరుగవేసి తేల్చుకొన్నదానిని ఆమె మూడు మాటలలో చెప్పినది.

అదే దినమున అన్నగారితో ఆ 'బాగున్నది' సంగతి చెప్పివేసితిమి. చెప్పక ఆయనకు ఇల్లు వెదకుట మాకు సాధ్యము కాలేదు. వారు చాలసేపు మౌనముగా నుండిరి. తుదకు, "నాకు తెలుసు తమ్మీ. తెలిసే గట్టిగ అడగలేదు" అనిరి. ఆ మాటతో మాకు పదేండ్ల బరువు సగము దిగినది. మిగిలిన సగము దిగవలసినది కాదు, ఇద్దఱమును మోయవలసినదే. చనిపోయినవారి ఋణము చనిపోయినవారికి తీర్చుటకు వీలులేదు. ఇప్పటికిని మా వీథిలోనే కుమారులు దూరదేశములలో నున్న వృద్ధురాండ్రు నలుగురు గలరు. విద్యుత్తు పోయినప్పుడు దీపము తీసికొని పోవలసిన యిండ్లు నాలుగు గలవు.

వచ్చు సంవత్సరము అన్నగారు ఒక యేడాదికి మాత్రము వత్తురు. మార్గశీర్షమున గాక ఫాల్గుణమున వచ్చి, మొట్టమొదట ఎండను చూతురు. ఇల్లు ఇప్పుడు కొనరు. పెద్దమ్మ యున్న పాత యింటిలోనే మునుపటి గదిలో నుందురు. మా పాఠశాలలో లెక్కలు చెప్పుటకు మనుష్యుడు లేక రెండు సంవత్సరములైనది. వారమునకు నాలుగు దినములు వచ్చెదనని మాట యిచ్చిరి. మోకాళ్ళనొప్పి యున్నవానికి కుర్చీ యొకటి వేయవలయును. ఆ కుర్చీని మేము నిన్ననే బాగుచేయించితిమి.